కొబ్బరాకు చాటు ఉపగ్రహం

పలాసలో జీడిపప్పు కొనకుండా యాత్రికుల బస్సు కదలదు. పూరీ నుంచో కాశీ నుంచో తిరిగొచ్చే బండి పదహారో నంబరు జాతీయ రహదారి దిగి కాశీబుగ్గ వైపు మళ్లిందంటే బేరాలకో గంట, వంటకో రెండు గంటలు. కొబ్బరితోట నీడ చూసి ఆపుతారు. గాడిపొయ్యి తవ్వుతారు. అన్నం ఉడికేలోగా క్రికెట్టో సీరియలో చూద్దామని బస్సు మీదున్న డిష్‌ను కిందికి దించి, ఇంటి దగ్గర ఎటు తిరిగి ఉండేదో గుర్తుచేసుకుని అటే తిప్పుతారు. తెర మీద ‘సిగ్నల్ లేదు’ అన్న మాట తప్ప మరేమీ కనిపించదు. చూడవచ్చిన తోట ఆసామి పలకరిస్తాడు: ‘ఏటి బావూ, బొమ్మ రాట్లేదేటి?’

అమెరికాలో ఈ తంటా పడేది ఆర్‌వీలవాళ్లు. పడకగది, వంటగది, స్నానాలగది అన్నీ చక్రాల మీదే ఉండే బండి అది. ఇక్కడ దాన్ని కారవాన్ అంటున్నారు. కేరళ 2021లో కారవాన్ పర్యాటకానికి ఒక విధానమే ప్రకటించింది. తెలుగువాళ్లకు మాత్రం కారవాన్ అంటే ఇప్పటికీ షూటింగు మధ్యలో హీరో వెళ్లి కూర్చునే బండే. అయినా ఇల్లూ వంటా వెంటబెట్టుకుని దేశం తిరగడం ఇక్కడ కొత్త కాదు. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో పరివారంతో, డేరాలతో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. తిరుగుదారిలో పూరీ, గంజాం మీదుగా ఈ శ్రీకాకుళం తీరం వెంబడే దక్షిణాదికి దిగారు. ఆయన దగ్గర డిష్ ఉండి ఉంటే దాన్ని ఎన్నిసార్లు సర్దాల్సి వచ్చేదన్నది సరదా లెక్కే కాదు, ఈ అధ్యాయానికి కావలసిన లెక్క కూడా.

టీవీ ఉపగ్రహాలన్నీ భూమధ్యరేఖకు సరిగ్గా పైన, దాదాపు 35,786 కిలోమీటర్ల ఎత్తులో తిరుగుతుంటాయి. భూమి తన చుట్టూ తాను తిరిగే వేగానికి వాటి వేగం సరిపోతుంది కాబట్టి ఆకాశంలో ఒకేచోట మేకు కొట్టినట్టు కనిపిస్తాయి. ఈ కక్ష్యలో మూడు కేంద్రాలు నిలిపితే ప్రపంచమంతటికీ ప్రసారాలు అందించవచ్చని ఆర్థర్ సి. క్లార్క్ 1945లోనే రాశాడు. ఉపగ్రహం కదలదు, కదిలేది బస్సు. ఇంటి మీద బిగించిన డిష్‌ను మెకానిక్ ఒక్కసారి సర్ది వెళ్లిపోతాడు. బస్సులోవాళ్లకు ఆగిన ప్రతిచోటా ఆ పని తప్పదు.

ఈ పనికి పలాస అంత అనువైన ఊళ్లు తక్కువ. ఊరు దాదాపు 18.8 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 84.4 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది. టాటా ప్లే ప్రసారాలు వచ్చే ఉపగ్రహాల స్థానం 83 డిగ్రీల తూర్పు. అంటే పలాస నుంచి నేరుగా దక్షిణానికి గీత గీస్తే ఉపగ్రహం దాదాపు ఆ గీత మీదే ఉంటుంది, కేవలం 4 డిగ్రీలు పడమరకు జరిగి. వంపు, అంటే నేల నుంచి ఉపగ్రహం దాకా తలెత్తాల్సిన కోణం, 68 డిగ్రీలు. దూరదర్శన్ ఉచిత సేవ, 2004 డిసెంబరులో డీడీ డైరెక్ట్ ప్లస్‌గా మొదలై తర్వాత ఫ్రీ డిష్‌గా పేరు మార్చుకున్నది, 93.5 డిగ్రీల దగ్గరున్న జీశాట్-15 నుంచి వస్తుంది. 2015 నవంబరులో ఫ్రెంచ్ గయానాలోని కౌరూ నుంచి ఎగిరిన ఉపగ్రహమది. పలాసలో దానికోసం దక్షిణం నుంచి 26 డిగ్రీలు తూర్పుకు తిరిగి, 66 డిగ్రీలు తలెత్తాలి. ఎయిర్‌టెల్ వాడే 108.2 డిగ్రీల ఉపగ్రహమైతే ఇంకా తూర్పున, ఆగ్నేయం కూడా దాటి, 55 డిగ్రీల ఎత్తున ఉంటుంది.

ఇక వీరాస్వామయ్య గారి లెక్క. 83 డిగ్రీల ఉపగ్రహానికి మద్రాసులో వంపు 74 డిగ్రీలు. పలాసకు వచ్చేసరికి 68. కాశీలో 60. దిక్కు మాత్రం పలాసకూ కాశీకీ మధ్య నాలుగు డిగ్రీలే మారుతుంది. పలాస నుంచి హైదరాబాద్ వెళ్లినవాళ్లది దీనికి తలకిందుల లెక్క. వంపు ఒక్క డిగ్రీ మారితే, దిక్కు 19 డిగ్రీలు తూర్పుకు జరుగుతుంది. ఉత్తరానికి వెళ్తే డిష్ తల దించాలి, పడమరకు వెళ్తే మెడ తూర్పుకు తిప్పాలి. ఈ ఒక్క సంగతి తెలిసిన డ్రైవరుకు వెతుకులాట సగం తగ్గుతుంది.

అయితే శబరిమల దగ్గర ఈ సూత్రం తడబడుతుంది. దీక్ష పట్టి బస్సులో వెళ్లే స్వాములు ఫ్రీ డిష్ పెట్టుకుంటే వంపు 66 నుంచి 68కి మాత్రమే పెరుగుతుంది. తొమ్మిది డిగ్రీలకు పైగా దక్షిణానికి దిగినందుకు పెరగాల్సిన వంపునూ, ఏడు డిగ్రీలకు పైగా పడమరకు జరిగినందుకు తగ్గాల్సిన వంపునూ కూడితే మిగిలింది అంతే. దిక్కు మాత్రం ఏకంగా 35 డిగ్రీలు తూర్పుకు పోతుంది. అంతకన్నా కనిపించని చిక్కు ఎల్ఎన్‌బీది. డిష్ ముందు చేతి చివర ఉండే ఆ చిన్న ముక్కును దాని గొట్టంలోనే పలాసలో 25 డిగ్రీలు తిప్పి ఉంచాలి. శబరిమలలో దాదాపు 60. ఉపగ్రహం పంపే తరంగాలు కొన్ని నిలువుగా, కొన్ని అడ్డంగా కంపిస్తాయి. ముక్కు సరైన కోణంలో లేకపోతే ఆ రెండూ కలగాపులగమై, కొన్ని చానళ్లు వచ్చి కొన్ని రావు. సగం చానళ్లే వస్తున్నాయంటే ముందు అనుమానించాల్సింది డిష్ పళ్లేన్ని కాదు, ఈ ముక్కునే.

ఎంత కచ్చితంగా తిప్పాలి? అరవై సెంటీమీటర్ల డిష్ ఆకాశంలో చూసే మేర సుమారు 3 డిగ్రీలు. చెయ్యి చాపి పిడికిలి బిగిస్తే కంటికి అది పది డిగ్రీలు, అందులో మూడో వంతు కంటే తక్కువ. డిష్ బిగించే గొట్టం నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే, దాని చుట్టూ ఒక డిగ్రీ అంటే మిల్లీమీటరులో మూడో వంతు. మెకానిక్ రెండు చేతులతో పట్టి గట్టిగా తిప్పడు, వేలితో తట్టినట్టు జరుపుతాడు. జరిపి ఆగుతాడు, ఎందుకంటే సెట్‌టాప్ పెట్టె సిగ్నల్‌ను పసిగట్టడానికి కొన్ని సెకన్లు పడుతుంది. ఓపిక లేనివాళ్లు ఆ సెకన్లలోనే ఉపగ్రహాన్ని దాటిపోతారు.

పెట్టె చూపించే రెండు గీతల గురించి చాలామందికి పొరపాటు అభిప్రాయమే ఉంటుంది. స్ట్రెంత్ అనే గీత కేబుల్లో ఏదో ఒకటి వస్తోందని మాత్రమే చెబుతుంది. అది ఉపగ్రహం కావచ్చు, ఎల్ఎన్‌బీ సొంత రొద కావచ్చు. క్వాలిటీ గీత చెప్పేది అంకెలు తప్పుల్లేకుండా అందుతున్నాయా అని. స్ట్రెంత్ నిండుగా ఉండి క్వాలిటీ సున్నా అయితే, ఎక్కువసార్లు తేలేది పొరుగింటి ఉపగ్రహం. 93.5 దగ్గర ఫ్రీ డిష్, 95 దగ్గర డిష్ టీవీ: మధ్య దూరం డిగ్రీన్నర. చిన్న డిష్‌కు ఆ రెండూ అంటుకుని ఉన్న ఇళ్లు. ఒకదాని తలుపు తట్టబోయి రెండోదాని తలుపు తట్టడం చాలా తేలిక.

పాతకాలపు యాంటెన్నాలో సిగ్నల్ తగ్గితే తెర మీద చీమలు పారేవి, బొమ్మ మసగ్గా అయినా కనిపించేది. డిజిటల్‌లో ఆ నడిమంతరం లేదు. ఒక హద్దు వరకు అద్దంలా ఉంటుంది, హద్దు దాటగానే ముక్కలుముక్కలై ఆగిపోతుంది. అందుకే ‘ఇప్పటిదాకా బాగానే ఉందే’ అన్న మాటకు ఇక్కడ విలువ తక్కువ. హద్దుకు వెంట్రుకవాసి దూరంలో ఉండి కూడా బొమ్మ బాగానే కనిపిస్తుంది.

ఇప్పుడు కొబ్బరి చెట్టు సంగతి. పలాస చుట్టుపక్కల ప్రాంతానికున్న ఉద్దానం అన్న పేరు ఉద్యానవనం నుంచే వచ్చిందంటారు. వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కవిటి మండలాల్లో ఎటు చూసినా కొబ్బరి, జీడి, పనస. నీడ కోసం ఆగిన బస్సుకు ఆ నీడే శత్రువు. డిష్‌కు అందే శక్తి వాటులో లక్ష కోట్ల వంతు స్థాయిది. తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లు. ఆకుల గుబురులో ఉన్న నీరు దాన్ని తాగేస్తుంది, వాన పడి తడిసిన ఆకైతే మరీను. గాలికి మట్ట ఊగినప్పుడల్లా బొమ్మ వచ్చిపోతుంటే నేరస్థుడు పైనే ఉన్నాడని అర్థం.

కానీ పలాసకు ఇక్కడా ఒక వరం ఉంది. ఉపగ్రహం నడినెత్తికి దగ్గరగా ఉంది కాబట్టి చెట్టు నుంచి ఎక్కువ దూరం జరగనక్కర్లేదు. 66 డిగ్రీల వంపుకు, డిష్ కంటే 20 మీటర్లు ఎత్తున్న కొబ్బరి చెట్టు అడ్డు రాకూడదంటే తొమ్మిది మీటర్ల పైచిలుకు దూరం చాలు. ఈ వంపుకు చెట్టు ఎత్తులో సగం అనుకుంటే లెక్క తప్పదు, మట్టల పొడవు కలుపుకుంటే చాలు. లండన్‌లో టీవీ ఉపగ్రహం ఆకాశంలో 25 డిగ్రీల ఎత్తునే కనిపిస్తుంది. అక్కడ అదే చెట్టుకు నలభై మీటర్లకు పైగా జరగాలి. ఐరోపాలో బండి నిలిపే చోటు వెతకడమే ఒక పని. ఉద్దానంలో డిష్‌ను బస్సు మీద నుంచి దించి, పొడవాటి కేబుల్‌తో నాలుగు అంగలు వేసి తోట గట్టు మీద నిలబెడితే సరిపోతుంది.

కంటిని మోసగించే సంగతి ఇంకొకటుంది. డిష్ పళ్లెం ముఖం ఎటు చూస్తోందో ఉపగ్రహం అటు ఉండదు. డీటీహెచ్ డిష్‌లు పూర్తి గిన్నెలోంచి పక్కకు కోసిన ముక్కలు. ఎల్ఎన్‌బీ నీడ పళ్లెం మీద పడకుండా చేసిన ఏర్పాటది. దానివల్ల పళ్లెం చూసే దిక్కుకు ఇరవై డిగ్రీల పైచిలుకు ఎత్తునుంచి సిగ్నల్ వస్తుంది. డిష్ ఎదురుగా చెట్టు మొదలు కనిపిస్తే భయపడతారు, అసలు అడ్డు మొవ్వు దగ్గర ఉంటే పట్టించుకోరు.

చెట్టు అడ్డొస్తోందా లేదా అన్నది తేల్చడానికి సూర్యుడు ఏటా రెండుసార్లు ఉచితంగా సాయం చేస్తాడు. మార్చి రెండో వారంలో, మళ్లీ అక్టోబరు మొదట్లో, పలాస నుంచి చూస్తే సూర్యుడు సరిగ్గా ఈ ఉపగ్రహాల వెనకగా నడుస్తాడు. ఆ కొద్ది రోజులూ కొద్ది నిమిషాలపాటు సూర్యుడి రొదలో సిగ్నల్ మునిగి బొమ్మ పోతుంది. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖ 82.5 డిగ్రీలది, 83 డిగ్రీల ఉపగ్రహానికి పక్కనే. అందుకే టాటా ప్లే చూసేవాళ్లకు అది గడియారంలో పన్నెండు కొట్టే వేళకు అటూ ఇటూగా జరుగుతుంది. ఫ్రీ డిష్‌కు పదకొండు, పదకొండున్నర మధ్య. రిపేరుకు పరుగెత్తే బదులు ఆ నిమిషాల్లో డిష్ మీద చూపు నిలపాలి. పళ్లెం మీద ఎండ పడుతుంటే దారి ఖాళీ. మట్ట నీడ పడుతుంటే ఆ మట్టే ఏడాది పొడుగునా అడ్డు.

కొబ్బరికి ఇంకో పద్ధతి కూడా ఉంది: కాయ రూపంలో పడటం. రెండున్నర సెంటీమీటర్ల తరంగాన్ని ఒకేచోటికి చేర్చాలంటే పళ్లెం వంపులో తేడా ఒకటి రెండు మిల్లీమీటర్లు మించకూడదు. కాయ పడి చిన్న సొట్ట పడితే పోయేది కొంచెమే. అంచు మెలితిరిగితే మాత్రం ఎంత తిప్పినా క్వాలిటీ గీత పైకి లేవదు. తొలినాటి డిష్‌లకు ఈ సున్నితం లేదు. 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు జరిగిన సైట్ ప్రయోగంలో అమెరికా ఉపగ్రహం ఏటీఎస్-6 ఆరు రాష్ట్రాల్లోని దాదాపు 2,400 పల్లెలకు పాఠాలు ప్రసారం చేసింది. ఆ రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి, ఆ భాషల్లో తెలుగు ఒకటి. అక్కడ నిలబెట్టిన మూడు మీటర్ల గొడుగులు కోళ్లగూటికి వాడే వలతో చేసినవి. తరంగం పొడవు 35 సెంటీమీటర్లు కాబట్టి వల కన్నాల్లోంచి అది జారిపోలేదు. ఇప్పటి తరంగానికి ఆ వల జల్లెడ.

వాన వస్తే ఏం చెయ్యాలి? ఏమీ చెయ్యకూడదు. కురిసే చినుకుల్లో తరంగం కొంత ఇంకిపోతుంది, కొంత చెదిరిపోతుంది. అయిదు కిలోమీటర్ల పైన మేఘంలో ఉన్నది ఎక్కువగా మంచు, అది పెద్దగా అడ్డు రాదు. పలాసలో సిగ్నల్ వచ్చే దారి నిటారుగా ఉంది కాబట్టి, ఆ అయిదు కిలోమీటర్ల కిందికి అది దిగేది రెండు, రెండున్నర కిలోమీటర్ల లోపే. అంటే ఆగ్నేయాన సముద్రం మీద ఎంత నల్లగా కమ్మినా ఆ వాన ఇక్కడికి చేరేదాకా బొమ్మ ఉంటుంది, మహేంద్రగిరి వైపు ఉరుములు ఎన్ని ఉరిమినా ఉంటుంది. తీరా బొమ్మ పోయాక పది, ఇరవై నిమిషాలు ఊరుకుంటే జడివాన దాటిపోతుంది. ఆ తొందరలో డిష్‌ను కెలికినవాళ్లకు వాన వెలిశాక కూడా బొమ్మ ఉండదు. 60 బదులు 90 సెంటీమీటర్ల డిష్ పెట్టుకుంటే వైశాల్యం రెండింతలకు పైగా పెరిగి కొంత వాన తట్టుకుంటుంది. కానీ డిష్ పెద్దదైన కొద్దీ దాని చూపు సన్నబడుతుంది, సర్దడం ఇంకా కష్టం.

ఇంతదాకా ఆకాశం సంగతి. నిజానికి బండిలో టీవీ ఆగిపోవడానికి కారణాలు చాలాసార్లు చేతికందే దూరంలోనే ఉంటాయి. నౌపడ ఉప్పు మడుల మీదుగా వచ్చే గాలి, భావనపాడు, బారువ తీరాల గాలి లోహాన్ని బతకనివ్వవు. కేబుల్ చివర బిగించే కనెక్టరులోకి తేమ దిగితే రాగి పచ్చబడుతుంది, చవకరకం కేబుల్లో రాగిపూత కింద ఉన్న ఇనుము తుప్పుపడుతుంది. ఆ ఒక్క తీగ మీదే కిందికి సిగ్నలూ, పైకి ఎల్ఎన్‌బీకి కరెంటూ నడుస్తాయి. పెట్టె 13 వోల్టులు పంపితే నిలువు తరంగాలు, 18 పంపితే అడ్డ తరంగాలు. తుప్పుపట్టిన అతుకు దగ్గర వోల్టేజి తగ్గి 18 కాస్తా 15కు దిగజారితే ఒక తరహా చానళ్లన్నీ ఒక్కసారిగా మాయమవుతాయి. అప్పుడు డిష్ తిప్పడం దండగ. చివర కత్తిరించి కొత్త కనెక్టరు వెయ్యడమే మందు.

కరెంటుదీ ఒక కథ. చాలా పెట్టెల అడాప్టరు 12 వోల్టులది, కారు బ్యాటరీ కూడా 12 వోల్టులదే. కానీ లారీలు, పెద్ద బస్సుల్లో ఉండేది 24. తీగ తెచ్చి నేరుగా తగిలిస్తే ఉపగ్రహం వెతికే అవసరమే రాదు, పెట్టె కాలిపోతుంది. మధ్యలో వోల్టేజి తగ్గించే పరికరం ఉండాల్సిందే.

బండి వాలు మరో చిక్కు. రోడ్డు అంచున ఒరిగి నిలబడిన బస్సు, శివసాగర్ బీచ్ ఇసుకలో ఒక టైరు దిగిన బస్సు రెండు మూడు డిగ్రీలు తేలిగ్గా వాలుతుంది. డిష్ చూపు మొత్తం మూడు డిగ్రీలే. కాబట్టి బస్సు మీద గురుతులు పెట్టుకుని లాభం లేదు. నేల మీద ముక్కాలిపీట లాంటి స్టాండు, తాపీమేస్త్రీ వాడే రసమట్టం ఉంటే గొట్టం నిటారుగా నిలుస్తుంది, అప్పుడే వంపు అంకెలకు అర్థం. ఫోనులోని దిక్సూచిని నమ్మేవాళ్లు బస్సుకు పది అడుగులు ఎడంగా నిలబడి చూడాలి. ఇనుప ఒళ్లున్న బస్సు పక్కన అది అబద్ధాలు చెబుతుంది. మిట్టమధ్యాహ్నం నీడ చూసి ఉత్తరం పోల్చుకుందామంటే మే మధ్య నుంచి జులై ఆఖరు దాకా పలాసలో అదీ కుదరదు. సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, నీడ కాళ్ల కిందే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి వేగం గంటకు 140 నుంచి 150 కిలోమీటర్లు, కుదుపుల్లో 165 దాకా. ఉద్దానంలో లక్షల కొబ్బరి చెట్లు నేలకొరిగాయి, రోజుల తరబడి కరెంటు లేదు. చెట్లు పడినచోట దక్షిణాకాశం తెరుచుకుంది. ఆ ఆకాశం వైపు తిప్పడానికి డిష్ లేదు, ఉన్నచోట పెట్టెకు కరెంటు లేదు. అలాంటప్పుడు మిగతా ఊరికంటే ఒక అడుగు ముందుండేది బ్యాటరీ ఉన్న బండే. తెగే కేబుల్ స్తంభాలు దానికి లేవు, మధ్యలో కూలే టవరూ లేదు. స్టాండు, డిష్, చిన్న తెర చాలు, తుపాను వార్త వినడానికి.

నడుస్తున్న బస్సులో చూడటం మాత్రం ఈ సరంజామాతో కుదరని పని. రోడ్డు ఒక్క వంపు తిరిగితే మూడు డిగ్రీల చూపు ఎప్పుడో దాటిపోతుంది. వంపులను పసిగట్టి తనంతట తానే తిరిగే గుమ్మటం డిష్‌లు ఓడలకూ ఖరీదైన ఆర్‌వీలకూ ఉన్నాయి. కదిలే భాగాలేవీ లేకుండా, చిన్నచిన్న యాంటెన్నాల వరసతో చూపును మాత్రమే తిప్పే పలకలూ వచ్చాయి. యాత్ర టిక్కెట్టు ధరకూ వాటి ధరకూ పొత్తు కుదరదు.

అన్నాలయ్యాయి, జీడిపప్పు పొట్లాలు సీట్ల కిందికి చేరాయి. క్లీనరు కేబుల్ చుట్టేస్తాడు. తర్వాతి మజిలీ అన్నవరం అయితే ఫ్రీ డిష్‌కు వంపు అదే 66 డిగ్రీలు, ఆ మర ముట్టుకోనక్కర్లేదు. దిక్కు ఏడు డిగ్రీలు తూర్పుకు. గొట్టం మీద రెండున్నర మిల్లీమీటర్లు.